పదును నిలిస్తేనే చెట్టు నిలుస్తుంది

రాయలసీమ అనగానే బయటివాళ్లకు మొదట గుర్తుకు వచ్చేది కరువు, ఆ తర్వాత రాళ్లు. అడవి అన్నమాట ఎవరి నోటా రాదు. వచ్చినా "ఆ ముళ్లకంపలనేనా అడవి అంటారు?" అని నవ్వుతారు. కాని మిత్రులారా, ఆ కంపల నడుమ, ఆ రాళ్ల సందుల్లో, ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్లు కొన్ని వున్నాయి. పాత కడప, కర్నూలు జిల్లాల కొండలూ, వాటిని ఆనుకొని వున్న చిత్తూరు, నెల్లూరు కొండలూ వాటి పుట్టినిల్లు. ఇక్కడ పోతే అవి భూమ్మీదనే పోయినట్లు లెక్క.

వాటిని కాపాడుకోవాలని అందరూ అంటారు. ఏటా మొక్కలూ నాటుతారు. అయినా నాటిన చోట మూడేండ్ల తర్వాత పోయి చూస్తే చాలాసార్లు గుంటలే మిగిలి వుంటాయి. మొక్క నాటడం వేరు, చెట్టును తిరిగి నిలబెట్టడం వేరు. ఈ రెండింటికీ మధ్య వున్న తేడా ఏమిటో, కరువు సీమలో ఆ పని ఎట్లా జరగాలో, నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన అడవి ఎటువంటిది?

వృక్షశాస్త్రంలో మన అడవులను ఉష్ణమండలపు ఎండు ఆకురాల్చు అడవులు అంటారు. మాఘమాసం దాటితే ఈ చెట్లు ఆకు రాలుస్తాయి. వేసవిలో కొండ చూస్తే కట్టెల మోపులాగా వుంటుంది. అది చావు కాదు, పొదుపు. ఆకుల్లోని సన్నని రంధ్రాల గుండా చెట్టు నీటిని ఆవిరిగా వదులుతుంది. రాబడి లేనప్పుడు ఖర్చు ఆపినట్లు, నీళ్లు లేనప్పుడు చెట్టు ఆకులనే వదిలేస్తుంది.

కడపలో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కర్నూలులో అంతకు కొంచెం తక్కువ. పడమటి కనుమలు అడ్డం వుండటంవల్ల నైరుతి మేఘాలు మనదగ్గరికి వచ్చేసరికి సగం ఖాళీ అయి వుంటాయి. అయినా వానలో సగానికి పైగా ఆ రుతువులోనే పడుతుంది. తక్కినదాంట్లో ఎక్కువ భాగం ఈశాన్య రుతువులో, తుఫానులవల్ల వస్తుంది. మొత్తం చూస్తే ఎండు అడవికి ఇది చాలని వాన కాదు. చిక్కల్లా అది పడే తీరులోనే వుంది. నాలుగు రోజుల్లో కుండపోతగా పడి నలభై రోజులు ముఖం చాటేస్తుంది. 2021 నవంబరులో ఏమయిందో మనకు తెలుసు. శేషాచలం కొండల్లో కురిసిన వానకు పింఛా, చెయ్యేరు పొంగి, నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఏటి ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయాయి. దానికి అడవి తగ్గడమే కారణమని నేను అనడంలేదు. కరువు సీమలో నీళ్లు లేకపోవడం ఎంత నిజమో, వచ్చిన నీళ్లు నిలవకపోవడమూ అంతే నిజమని మాత్రం అంటున్నాను.

ఇక నేల సంగతి. కడప పేరుతోనే ఒక భూగర్భ పరివాహం ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. క్వార్ట్‌జైటు, షేలు, సున్నపురాయి పొరలు పొరలుగా పేర్చినట్లుంటాయి. కొండమీద మట్టి చాలాచోట్ల జానెడు లోతు కూడా వుండదు. చెట్టు వేరు బండ పగుళ్లు వెదుక్కుంటూ పోవలసిందే. అటువంటి చోట బ్రతకడం నేర్చిన చెట్లే మనవి.

మన కొండల సొత్తు

మొదట చెప్పుకోవలసింది ఎర్రచందనం. దీని శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటాలినస్. టెరోకార్పస్ అంటే గ్రీకులో 'రెక్కల కాయ'. కాయ చుట్టూ పలుచని అంచు వుండి గాలికి ఎగిరిపోతుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఇవే దీని సహజ నివాసం. శాంటాలిన్ అనే ఎర్రని రంగు పదార్థంవల్ల దీని చేవకు ఆ రంగు వచ్చింది. జపానులో షామిసెన్ అనే తీగవాద్యానికి ఈ కట్టె వాడతారు. అక్కడి గిరాకీ ఇక్కడి చెట్టుకు శాపమయింది. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండవ అనుబంధంలో ఇది వుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో దీన్ని మొదట 'ఆపదలో వున్నది' అన్నారు, 2018లో రెండు మెట్లు కిందికి దించారు, 2021 నాటి అంచనాలో మళ్లీ 'ఆపదలో వున్నది' అని రాశారు.

ఎర్రచందనం పేరు అందరికీ తెలుసు. దాని పొరుగువాళ్ల పేర్లు ఎవరికీ పట్టవు. జాలారి జాతికి చెందిన తంబుగం ఒకటి. దాని శాస్త్రీయ నామం షోరియా తుంబుగాయియా. అందులో రెండోమాట మన తెలుగు మాటే. దీని గింజకు ఆయుస్సు చాలా తక్కువ. రాలిన కొద్ది రోజుల్లో తడి దొరక్కపోతే చచ్చిపోతుంది; డబ్బాలో దాచి వచ్చే ఏడు చల్లుదామంటే కుదరదు. మొగి అని ఒక కొండ నేరేడు వుంది. పండ్లు తింటారు, అమ్ముతారు కాబట్టి గింజ అడవిలో మిగలడం కష్టం. తెల్ల కరక మరొకటి.

పేరిత కథ ఇంకా విచిత్రం. చూడడానికి పొట్టి ఈతచెట్టులా వుంటుంది గాని అది సైకాస్ జాతి, పూలు పూయని పురాతన వంశం. ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మందుల కోసమని మగ చెట్ల పుప్పొడి శంకువులను కోసుకొని పోతారు. చెట్టును ఎవరూ నరకలేదు, కొండమీద పచ్చగానే కనిపిస్తుంది. కాని పుప్పొడి లేనిదే ఆడ చెట్టుకు గింజ ఎక్కడిది? నరక్కుండానే వంశం ఆపడం అంటే ఇదే. దీన్ని సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా గట్టి కట్టడి వున్న జాబితాలో చేర్చారు.

చెట్లున్నాయి, పిల్లలేవీ?

ఒక అడవి బాగుందా లేదా అని తెలుసుకోవాలంటే పెద్ద చెట్లను లెక్కపెడితే చాలదు, వాటి కింద వయసు వారీగా పిల్ల మొక్కలు వున్నాయా అని చూడాలి. పల్లెలో ముసలివాళ్లు మాత్రమే మిగిలి, పిల్లలంతా వలస పోయి వుంటే ఆ పల్లె రేపటి సంగతి ఏమని చెబుతాం? అడవికీ అదే లెక్క.

పిల్ల మొక్కలు నిలవకపోవడానికి కారణాలు చాలా వున్నాయి. గొడ్డలి ఒకటి. దొంగరవాణా చేసేవాడికి నిటారుగా, లావుగా, చేవ పట్టిన చెట్టే కావాలి. అంటే గింజ ఇచ్చే మంచి తల్లి చెట్టే ముందు పోతుంది. ఆ గొడ్డలి పట్టేది కూలీలు, లాభం పోయేది ఇంకెక్కడికో. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. ఒక చెట్టు అరుదైపోతే దాని ధర మనిషి ప్రాణం దాకా పోతుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండవది నిప్పు. వేసవికి బోద కసువు ఎండి నడుము ఎత్తున నిలబడి వుంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు ఆర్పడానికి వైమానిక దళపు హెలికాప్టర్లు రావలసి వచ్చింది. పెద్ద చెట్టు బెరడు మందం కనుక తట్టుకుంటుంది. చిటికెనవేలంత మొక్క తట్టుకోలేదు. మూడవది మేకలు. ఎర్రచందనం లేతాకు వాటికి ఇష్టం. మేకల కాపరిని తిట్టి లాభం లేదు. కరువు ఏడు పంట పోతే వాడి ఇంటికి మిగిలే ఆస్తి ఆ మందే.

వేరు ముందు, కొమ్మ తర్వాత

ఇక అసలు విషయానికి వస్తాను. కరువు నేలలో మొలక బ్రతికే పద్ధతే వేరు.

ఎండు అడవుల్లోని చాలా చెట్ల మొలకలు మొదటి ఏడు పైకి జానెడే పెరుగుతాయి. అదే సమయంలో వేరు మాత్రం లోతుకు దిగుతుంది. వేసవి వచ్చేసరికి పైనున్న కాండం ఎండిపోతుంది. మనం చచ్చిందనుకుంటాం. కింద వేరు ఆహారం దాచుకొని బ్రతికే వుంటుంది. మరుసటి తొలకరికి మళ్లీ చిగురు వేస్తుంది, మళ్లీ ఎండుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని 'డై బ్యాక్' అంటారు. ఇట్లా కొన్నేండ్లు గడిచాక, వేరులో బలం చాలినప్పుడు, ఒక మంచి వానకు కాండం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఏటా నిప్పు తగిలితే ఆ వేరు దాచుకున్నదంతా మళ్లీ మళ్లీ చిగుర్లకే ఖర్చయి, చివరికి నిజంగానే చచ్చిపోతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. ఒకటి, మనం పెంచవలసింది కొమ్మను కాదు, వేరును. నర్సరీలో చిన్న ప్లాస్టిక్ సంచిలో ఏడాదికి పైగా వుంచిన మొక్క ఆకులతో కళకళలాడుతూ వుంటుంది గాని, సంచి చించి చూస్తే తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకొని వుంటుంది. అటువంటిది గుంటలో పెట్టినా లోతుకు దిగదు. సంచి లోతుగా వుండాలి, మొక్క ముదరకముందే నాటాలి. రెండు, నరికిన మొద్దు చచ్చిన చెట్టు కాదు. ఎర్రచందనం మొద్దు బాగా చిగురిస్తుంది. దానికి అప్పటికే లోతైన వేరు వుంది. గుత్తులుగా వచ్చిన పిలకల్లో ఒకటి రెండు బలమైనవి వుంచి, తక్కినవి తీసి, చుట్టూ ముళ్లకంప వేసి మేకనూ నిప్పునూ ఆపగలిగితే, కొత్త మొక్కకన్నా అది ముందు చెట్టవుతుంది. దొంగలు నరికిపోయిన చోటును అటవీశాఖవారు మొద్దుల లెక్క రాసి వదిలేయకుండా, ఆ మొద్దులకే కావలి పెట్టించడం చౌకైన పునరుద్ధరణ.

విత్తనం సంగతి కూడా చెప్పాలి. ఎర్రచందనం కాయలో సాధారణంగా ఒకే గింజ వుంటుంది. పెంకు గట్టి కనుక మొలకెత్తేవి తక్కువ. రెక్క కత్తిరించి, పేడనీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి విత్తితే కొంత మేలు. కాయలను ఒకటి రెండు మంచి చెట్లనుంచే కాకుండా, దూర దూరంగా వున్న అనేక తల్లి చెట్లనుంచి, ఆ కొండవే తీసుకోవాలి. అన్నీ ఒక తల్లి పిల్లలయితే ఒకే తెగులుకు, ఒకే కరువుకు అన్నీ పోతాయి.

పదును అంటే ఏమిటి?

మాది మెట్ట సేద్యపు ఇల్లు. మా ఇంట్లో వాన పడితే "ఎన్ని మిల్లీమీటర్లు?" అని ఎవరూ అడగరు. "పదునైందా?" అని అడుగుతారు. గొర్రుకు నేల ఎంత లోతు దిగింది, విత్తనానికి తడి అందుతుందా, అది ఎన్నాళ్లు నిలుస్తుంది, ఇవన్నీ ఆ ఒక్క మాటలో వున్నాయి. పుస్తకంలో 'నేల తేమ' అని రెండు పేజీలు చదివాక, మా నాయన ఒక్క మాటలో చెప్పేది ఇదేగదా అనుకున్నాను.

చెట్టుకు కావలసింది కూడా పదునే. కాని మొక్కలు నాటే తేదీలు మాత్రం పదును చూసి పెట్టినవి కావు. పర్యావరణ దినోత్సవం జూన్ 5. వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ గారు మొదలుపెట్టిన నాటినుంచి జూలై మొదటి వారం. దేశం మొత్తానికి అవి మంచి తేదీలే కావచ్చు. మనకు జూన్ మొదట్లో నేల పెనంలా కాలుతుంటుంది. ఒక జల్లు పడినా జూలై, ఆగస్టుల్లో వాన ఎగ్గొడుతుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నారు మన పెద్దలు. ఉత్తర కార్తె దాకా వానకోసం ఎదురుచూసి, అప్పటికీ రాకపోతే ఊరు విడిచేవాళ్లు. విత్తనాలు చల్లేవాడు కార్తె చూస్తాడు, నేల తవ్వి చూస్తాడు. మొక్క నాటేవాళ్లు కూడా అడుగు లోతు తవ్వి, అక్కడ మట్టి పిడికిట్లో ముద్దయితేనే నాటాలి. గుంటలు మాత్రం వేసవిలోనే తీసి పెట్టాలి.

పదును నిలిపే పద్ధతులు కష్టమైనవి కావు. వాలుకు అడ్డంగా, సమాన ఎత్తులో కందకాలు. వంకల్లో రాతి అడ్డుకట్టలు. ప్రతి మొక్కకూ దిగువవైపు అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు. ఒక లెక్క చూడండి. పది చదరపు మీటర్ల వాలుమీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్ల నీళ్లు. అందులో సగమే గట్టుకు చేరినా 100 లీటర్లు, అంటే ఎనిమిది తొమ్మిది బిందెలు. కొండమీదికి అన్ని బిందెలు మోసి ఒక్కో మొక్కకు పోసేవాళ్లెవరు? ఆ పని గట్టు చేస్తుంది. ఆ తర్వాత తడి ఆరిపోకుండా చూడాలి. చేనులో మనం గుంటక తోలి పైమట్టిని పొడి చేస్తాం, కింది తడి పైకి రాకుండా. కొండమీద గుంటక పోదు కాబట్టి మొక్క మొదట్లో పలకరాళ్లు పరచినా, ఎండు కసువు కప్పినా ఆ పనే జరుగుతుంది. రాళ్లకు మనకు కొదవ లేదు!

ఉపాధి హామీ పథకం 2006లో మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అప్పటినుంచి కందకాలు, రాతికట్టలు తవ్వడం మన పల్లెలవాళ్లకు చేయి తిరిగిన పని.

ఇంకొక జాగ్రత్త. మొక్కలు నాటాలని కలివి, బలుసు, రేగు పొదలను నరికి నేల చదును చేయడం పెద్ద పొరపాటు. ఎండలో మొలకకు ఆ పొదే గొడుగు, మేకకు ఆ ముళ్లే కంచె. పొద నీడ అంచున నాటితే మొక్క బ్రతికే అవకాశం ఎక్కువ. పైగా ప్రతి ఖాళీ చోటూ చెట్లతో నింపవలసిన పని లేదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనిపించింది చెట్ల దట్టంలో కాదు, విడివిడిగా పొదలున్న మైదానంలోనే. అక్కడ చెట్లు కిక్కిరిసేలా నాటితే ఒకదాన్ని కాపాడబోయి ఇంకొకదాన్ని పోగొట్టుకున్నట్లవుతుంది.

ఇతర దేశాల అనుభవం

అడవులు అనగానే లోకం అంతా అమెజాన్ వంటి తడి అడవులకోసం బాధపడుతుంది. 1988లో డానియల్ జాన్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఉష్ణమండలంలో అన్నిటికన్నా ఎక్కువ ఆపదలో వున్నవి ఎండు అడవులేనని రాశాడు. ఎండు నేలల్లో మనుషులు బ్రతకడం, సేద్యం చేయడం, పశువుల్ని మేపడం సులువు కనుక అవే ముందు పోయాయి. ఆయన మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో, గ్వానకాస్తే అనే చోట, పశువుల బీళ్లుగా మారిన ఎండు అడవిని 1980ల నుంచి తిరిగి తెచ్చే పనిలో వున్నాడు. అక్కడ ముఖ్యంగా చేసింది మొక్కలు నాటడం కాదు. ఆఫ్రికానుంచి తెచ్చిన గడ్డి ఏటేటా అంటుకొని మండేది; ఆ నిప్పును ఆపారు. ఆపే పనికి ఆ ఊళ్లవాళ్లనే జీతానికి పెట్టుకున్నారు. గాలి, పక్షులు, జంతువులు తెచ్చిన విత్తనాలతో అడవి తనంతట తానే లేచింది. మన బోద కసువు కొండలకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

రైతు చేనులో

ఈ చెట్టుకు కొండ ఒక్కటే చోటు కాదు, మన చేన్లూ వున్నాయి. చేనిగట్టున ఎర్రచందనం వుంటే అడవిమీద గొడ్డలి బరువు కొంత తగ్గుతుంది. సొంత భూమిలో పెంచిన దాని ఎగుమతికి 2019లో కేంద్రం దారి తెరిచింది. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, మన రాష్ట్రంలో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు లాభంలో వాటాగా 3 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. కాని చెట్టుకు చేవ పట్టడానికి పాతికేండ్ల పైన కావాలి. ఆ తర్వాత కోతకు ఒక అనుమతి, రవాణాకు ఒక అనుమతి. "చెట్టు పెంచేదానికి నాకేం భయం ల్యా నాయనా, దాని కాయితాల కోసరం తిరగాలంటేనే భయం" అంటాడు మా నాయన. ఈ మాట తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. కరువుకన్నా కాగితానికి ఎక్కువ భయపడిన రైతు, తనంతట మొలిచిన మొక్కను కూడా వేలెడంత వున్నప్పుడే పీకేస్తాడు. నాటిననాడే చెట్టు ఫలానా రైతుదని రాసి ఇచ్చి, కోతనాడు ఆ ఒక్క కాగితం చాలనే ఏర్పాటు వుంటే, మన గట్లమీద ఎన్ని చెట్లు నిలబడేవో!

మనం చేయగలిగింది

విద్యార్థులం మనం చేయగలిగింది కూడా కొంత వుంది. జాతీయ సేవా పథకం శిబిరాల్లో నాటే మొక్కల సంఖ్య తగ్గించి, కావలి పెంచుదాం. వెయ్యి నాటి పది మిగలడంకన్నా, యాభై నాటి నలభై నిలపడం మేలు. నాటే రోజును క్యాలెండరు కాకుండా పదును నిర్ణయించాలి. అటవీశాఖవారి అనుమతితో, వృక్షశాస్త్ర విభాగం తరఫున, మన కొండల తల్లి చెట్ల కాయలు ఏరి, ఏ కొండవి ఏ నెలలో ఏరామో రాసి, చిన్న నర్సరీ నడపవచ్చు. అందులో ఎర్రచందనంతోపాటు తంబుగం, మొగి, తెల్ల కరక కూడా వుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాటిన ప్రతి మొక్కకూ ఒక నెంబరు, ఒక రిజిస్టరు వుండాలి. నాటిన రోజు ఫోటో గోడమీద పెట్టుకుందాం, వద్దనను. దాని పక్కనే మొదటి వేసవి, రెండవ వేసవి, మూడవ వేసవి తర్వాత ఎన్ని బ్రతికాయో కూడా రాసి పెడదాం. కాండం ఎండినదాన్ని వెంటనే చచ్చినదాని కింద రాయకుండా తొలకరి దాకా ఆగుదాం.

నిలదొక్కుకోవాలంటే మొక్క ముఖ్యంగా మొదటి రెండు మూడు వేసవులు దాటాలి. డిగ్రీ చదువుకు మనమూ కనీసం మూడేండ్లు ఇక్కడ వుంటాం. మొదటి సంవత్సరంలో చేరినవాళ్లు నాటిన మొక్కలకు, వాళ్లే ఆఖరి సంవత్సరంలో లెక్క అప్పజెప్పి పోవాలని విద్యార్థి సంఘం ఒక నియమం పెట్టుకుంటే, ఖర్చు ఒక రిజిస్టరు పుస్తకం మాత్రమే.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం, వృక్షశాస్త్రం